రౌటర్ సాఫ్ట్‌వేర్ మార్చాక పెద్ద ఫైళ్ళు అప్‌లోడ్ కావట్లేదు, సర్వర్‌లో 0 బైట్లే పడుతున్నాయి

తణుకు_ఆల్బమ్స్
ఆదివారం రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 21.02 తీసి 22.03 వేశాం, "సెట్టింగులు ఉంచు" టిక్ పెట్టే. అప్పటి నుంచి ప్రింటింగ్ ల్యాబ్‌కి ఆల్బమ్ షీట్లు పోవడం లేదు. 12×36 షీట్లు, 300 డీపీఐ, ఒక్కోటి 18 నుంచి 25 ఎంబీ. పంపేది ఫైల్‌జిల్లా ప్రోగ్రాములో, ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే పద్ధతి) మీద. లాగిన్ అవుతుంది, ఫోల్డర్ల జాబితా వస్తుంది. షీటు లాగి వదిలితే కొన్ని వందల కేబీ చకచకా వెళ్ళినట్టు చూపించి ఆగిపోతుంది. 20 సెకన్లకి టైమౌట్, మళ్ళీ మొదలు, మళ్ళీ అక్కడే. ల్యాబ్ వాళ్ళు చూస్తే ఫైల్ పేరు ఉంది, సైజు 0.

డౌన్‌లోడ్ బ్రహ్మాండంగా ఉంది. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 95 చూపించి, అప్‌లోడ్ దగ్గరికొచ్చేసరికి ముల్లు కదలదు. అదే వైఫై మీద ఫోన్‌తో చేస్తే అప్‌లోడ్ కూడా వస్తోంది. డిజైనింగ్ పీసీలు రెండు, రెండూ విండోస్, రెండూ ఇదే వరస. ఇంటర్నెట్ కేబుల్ ఆపరేటర్ ఫైబర్, ఓఎన్‌యూ (ఫైబర్ వచ్చి దిగే పెట్టె) బ్రిడ్జ్ మోడ్‌లో ఉంది, అంటే ఊరికే దాటిస్తుంది; పీపీపీఓఈ డయల్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైను ఎక్కడం) మన రౌటరే చేస్తుంది. ఆపరేటర్‌ని అడిగితే "మా వైపు అంతా ఓకే, ఫోన్‌లో వస్తోందిగా" అంటున్నారు. రేపు సాయంత్రానికి 40 షీట్లు ల్యాబ్‌కి చేరాలి.

కేబుల్_కుర్రాడు
యాక్టివ్ మోడ్‌లో ఉందేమో, ప్యాసివ్‌కి మార్చండి. కొత్త కెర్నళ్ళలో ఎఫ్‌టీపీ హెల్పర్ (ఫైళ్ళ కనెక్షన్‌కి రౌటర్‌లో దారి తెరిచేది) దానంతట అది పనిచేయదు.

తణుకు_ఆల్బమ్స్
ప్యాసివ్‌లోనే ఉంది. లాగ్‌లో "227 ఎంటరింగ్ ప్యాసివ్ మోడ్", ఆ తర్వాత "150 ఓకే టు సెండ్ డేటా" అని వస్తోంది. ఆపైన ఏమీ లేదు.

ప్యాకెట్‌పట్టు
హెల్పర్ సంగతి కాదు ఇది. ఎఫ్‌టీపీలో ఫోల్డర్ జాబితా రావడానికి కూడా డేటా కనెక్షనే కావాలి. జాబితా వస్తోందంటే దారి తెరిచే ఉంది. పైగా 150 వచ్చిందంటే ఫైల్ తీసుకోవడానికి సర్వర్ కూడా సిద్ధమైపోయింది. అంటే దారి ఉంది, తలుపు తీసి ఉంది, మూటే పట్టడం లేదు.

ఎర్రర్ ఇచ్చి ఆగడం వేరు, మాటాపలుకూ లేకుండా నిలిచిపోవడం వేరు. పాస్‌వర్డో అనుమతో డిస్క్ జాగానో అడ్డం పడితే సర్వర్ 530 అనో 550 అనో 552 అనో ఏదో ఒకటి చెబుతుంది. చిన్న ప్యాకెట్లు పోతూ పెద్దవి మాత్రమే మాయమైతేనే ఇలా మౌనంగా ఉంటుంది. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చో చెప్పే హద్దు) చూడాలి.

ఒక పరీక్ష చేయండి. 1 కేబీ ఉండే టెక్స్ట్ ఫైల్ ఒకటి, 5 కేబీది ఒకటి తయారుచేసి రెండూ పంపండి.

తణుకు_ఆల్బమ్స్
1 కేబీది ఠక్కున పోయింది. 5 కేబీది షీటులాగే ఆగింది, అక్కడ 0 బైట్లు.

ప్యాకెట్‌పట్టు
అనుకున్నదే. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇవి కొట్టండి (అక్షరాలు ఇంగ్లీషులో):

పింగ్ -ఎఫ్ -ఎల్ 1464 1.1.1.1
పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1

-ఎఫ్ అంటే దారిలో ముక్కలు చేయొద్దని. -ఎల్ అంటే లోపలి సరుకు ఎన్ని బైట్లో. దానికి ఐపీ హెడర్ 20, పింగ్ వాడే ఐసీఎంపీ (నెట్‌వర్క్ కబుర్లు మోసే పద్ధతి) హెడర్ 8 కలుస్తాయి. 1472 వేస్తే మొత్తం 1500, మామూలు ఈథర్‌నెట్ నిండు. 1464 వేస్తే 1492. పీపీపీఓఈ తన హెడర్ కోసం 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మీ లైను మీద పట్టేది 1492 మాత్రమే.

రెండో పింగ్‌కి తెర మీద వచ్చిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా చెప్పండి. అసలు విషయం అందులోనే ఉంటుంది.

తణుకు_ఆల్బమ్స్
1464కి నాలుగు జవాబులూ వచ్చాయి. 1472కి నాలుగుసార్లూ "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్".

గోదారి_లైనక్స్
అదిగో. అక్కడ "ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్ బట్ డీఎఫ్ సెట్" అని రావాలి. 1500 ప్యాకెట్ 1492 దారిలో పట్టనప్పుడు రౌటర్ దాన్ని పారేసి ఊరుకోదు. "ఇది పట్టదు, 1492లోపు పంపు" అని పీసీకి ఐసీఎంపీ కబురు పెడుతుంది (టైప్ 3, కోడ్ 4). కబురు అందితే పీసీ ముక్కలు చిన్నవి చేసుకుంటుంది. 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1191లో రాసిన పద్ధతి ఇదే, ఇప్పటికీ అందరూ దీని మీదే ఆధారపడుతున్నారు. మీ పీసీకి ఆ కబురు చేరట్లేదు. అందుకే అదే 1500 ప్యాకెట్‌ని మళ్ళీ మళ్ళీ పంపి అలసిపోతోంది.

ఫోన్‌కి కబురు అందుతోంది కాబట్టి ఫోన్‌లో అప్‌లోడ్ అవుతోంది. "ఫోన్‌లో వస్తోందిగా" అనేసి లైను బాగుందని తేల్చేయడం అందుకే కుదరదు.

కేబుల్_కుర్రాడు
మరి డౌన్‌లోడ్ ఎలా వస్తోంది? దారి ఒకటే కదా. 1492 అడ్డమైతే రెండు వైపులా అడ్డం కావాలి.

ప్యాకెట్‌పట్టు
మంచి ప్రశ్న. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు రెండు కొసలూ "ఒక్కో ముక్కలో నాకు ఇన్ని బైట్ల దాకా పంపొచ్చు" అని చెప్పుకుంటాయి. అదే ఎంఎస్‌ఎస్. 1500 మీద అది 1460, 1492 మీద 1452. మన పీసీ చెప్పిన అంకెను బట్టి సర్వర్ మనకు పంపే ముక్కల సైజు, అంటే డౌన్‌లోడ్. సర్వర్ చెప్పినదాన్ని బట్టి మనం పంపే ముక్కల సైజు, అంటే అప్‌లోడ్. చాలామంది ఆపరేటర్ల పెట్టెలు బయటికెళ్ళే ఆ మొదటి ప్యాకెట్‌లో 1460ని 1452గా దిద్దుతాయి. తిరిగొచ్చే ప్యాకెట్‌ని ముట్టుకోకపోతే డౌన్‌లోడ్ సాఫీగా ఉంటుంది, అప్‌లోడ్ చస్తుంది. ఇక్కడ అదే జరుగుతోందని నా అనుమానం. వైర్‌షార్క్‌తో (వచ్చేపోయే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రాము) తేల్చేయొచ్చు.

రాత్రిషిఫ్ట్
ముందు ఆ 40 షీట్ల సంగతి చూడండి, చర్చ తర్వాత. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి:

నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో సబ్‌ఇంటర్‌ఫేసెస్

ఇది మీ కార్డు పేరు, ఎదురుగా ఎంటీయూ 1500 అని చూపిస్తుంది. పేరు "ఈథర్‌నెట్" అయితే:

నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 సెట్ సబ్‌ఇంటర్‌ఫేస్ "ఈథర్‌నెట్" ఎంటీయూ=1492 స్టోర్=యాక్టివ్

యాక్టివ్ అంటే పీసీ రీస్టార్ట్ అయితే పోతుంది. తాత్కాలికానికి అదే మేలు. పర్సిస్టెంట్ పెట్టొద్దు, తర్వాత పెట్టిన సంగతి మర్చిపోతాం. ఫైల్‌జిల్లా మూసి మళ్ళీ తెరవండి, పాత కనెక్షన్లు పాత అంకెతోనే నడుస్తాయి.

తణుకు_ఆల్బమ్స్
పోతోంది!! మొదటి షీటు 22 ఎంబీ ఆగకుండా వెళ్ళింది. రెండో పీసీలో కూడా చేశా, అక్కడా ఓకే. రాత్రిషిఫ్ట్ గారూ, మా పెళ్ళికూతురు నాన్నగారి తరఫున కూడా దండాలు.

రాత్రిషిఫ్ట్
భోజనాలకి పిలవమనండి. ఇంకో మాట: ఇందాకటి నుంచి సర్వర్‌లో పడ్డ 0 బైట్ల ఫైళ్ళు, సగం ఫైళ్ళు ముందు డిలీట్ చేయండి. ఫైల్‌జిల్లా "టార్గెట్ ఫైల్ ఇప్పటికే ఉంది" అని అడిగితే రెజ్యూమ్ కాదు, ఓవర్‌రైట్ ఎంచుకోండి.

ఫొటోల్యాబ్_బెజవాడ
ల్యాబ్ వైపు నుంచి చెబుతున్నా. సగంలో తెగిన జేపెగ్ చాలా ప్రోగ్రాముల్లో తెరుచుకుంటుంది, పై భాగం బాగానే కనబడుతుంది, కింద బూడిదరంగు పట్టీ వస్తుంది. 40 షీట్ల హడావిడిలో అది కంటికి ఆనకుండా ప్రింటుకి పోయే ప్రమాదం ఉంది. అప్‌లోడ్ అయ్యాక ఎడమవైపు, కుడివైపు సైజులు బైట్లలో సరిచూడండి. ఫైల్‌జిల్లాలో వ్యూ మెనూ కింద డైరెక్టరీ కంపారిజన్ ఉంది, సైజు తేడా ఉన్నవాటికి రంగు వేసి చూపిస్తుంది. ట్రాన్స్‌ఫర్ టైప్ బైనరీలోనో ఆటోలోనో ఉండాలి. ఆస్కీలో జేపెగ్ పంపితే రంగులు చిందరవందరవుతాయి. ఇంకా గట్టిగా కావాలంటే సెర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్ పక్కన ఫైల్ పేరు, ఎస్‌హెచ్‌ఏ256 అని కొట్టి, వచ్చిన సంఖ్య ల్యాబ్‌కి పంపండి.

స్విచ్‌బోర్డు_సత్తి
ఇదంతా ఎందుకు, కేబుల్ మార్చి చూడండి. డ్యూప్లెక్స్ తేడా (ఒక కొస ఒకేసారి పంపుతూ అందుకుంటుంటే, రెండో కొస ఒక్కోటే చేయడం) ఉన్నా అప్‌లోడ్ ఇలాగే చస్తుంది.

గోదారి_లైనక్స్
డ్యూప్లెక్స్ తేడా ఉంటే అప్‌లోడ్ నీరసపడుతుంది, ఎగుడుదిగుడుగా పోతుంది, పోర్టు లెక్కల్లో సీఆర్‌సీ తప్పులు పెరుగుతాయి. ప్రతిసారీ ఒకే చోట ఆగదు. 1 కేబీ పోయి 5 కేబీ ఆగిందంటే కేబుల్ కాదు. అదీగాక ఎంటీయూ 1492 చేయగానే పోయింది కదా, ఇక కేబుల్‌ని అనుమానించడానికేం లేదు.

స్విచ్‌బోర్డు_సత్తి
ఒప్పుకున్నా. 5 కేబీ పరీక్ష సంగతి చూసుకోలేదు.

తణుకు_ఆల్బమ్స్
28 షీట్లు పోయాయి, మిగతావి వెళుతున్నాయి. కానీ ఒకటి అర్థం కావట్లేదు. ఆదివారం ముందు వరకూ ఇవే పీసీలు, ఇదే ఆపరేటర్, ఇదే పీపీపీఓఈ. అప్పుడెలా పోయాయి? ఇంకోటి, ఈ రెండు రోజులూ క్రోమ్‌లో గూగుల్ ఫొటోస్‌కి మాత్రం ఇదే పీసీ నుంచి ఫొటోలు పోతూనే ఉన్నాయి. అందుకే నెట్ బాగుందనుకున్నా.

ప్యాకెట్‌పట్టు
రెండోది ముందు. గూగుల్ సైట్లతో క్రోమ్ చాలావరకు టీసీపీ వాడదు, యూడీపీ మీద నడిచే క్విక్ వాడుతుంది. అందులో ప్యాకెట్లు 1200 చిల్లర బైట్ల దగ్గర మొదలవుతాయి, పెద్దవి పడతాయో లేదో అదే తడుముకుంటూ పెంచుకుంటుంది. 1492 గోడ దానికి తగలనే తగలదు. అలాగే కొన్ని సర్వర్లు తామే చిన్న ఎంఎస్‌ఎస్ చెబుతాయి, వాటికీ అప్‌లోడ్ సాఫీగానే పోతుంది. "ఫలానా సైటుకి పోతుంది, ఫలానాదానికి పోదు" అని ఎవరైనా చెబితే నేను ముందు వెతికేది ఎంటీయూనే.

మొదటిదానికి రౌటర్ లోపల చూడాలి. లూసీలో (రౌటర్ వెబ్ పేజీ) నెట్‌వర్క్, ఫైర్‌వాల్, జోన్ల పట్టిక తెరవండి. పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్ ఏ జోన్‌లో ఉంది? ఆ వరసలో ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ (ఎంఎస్‌ఎస్ అంకెను రౌటరే లైనుకి సరిపడేలా దిద్దడం) టిక్ ఉందా?

తణుకు_ఆల్బమ్స్
వ్యాన్ అని ఒక జోన్ ఉంది, దానికి టిక్ ఉంది. కానీ అందులో ఉన్నది పాత ఆపరేటర్ లైను, ఇప్పుడు వాడట్లేదు. ఫైబర్ కోసం సెటప్ చేసినతను "ఫైబర్" అని వేరే జోన్ పెట్టాడు. దానికి మాస్కరేడింగ్ టిక్ ఉంది, ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ ఖాళీ.

గోదారి_లైనక్స్
దొరికింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో వచ్చే వ్యాన్ జోన్‌కి ఆ టిక్ ముందే ఉంటుంది. చేత్తో చేసిన జోన్‌కి మనమే పెట్టాలి. పాత వెర్షన్‌లో మాత్రం ఎలా నడిచిందంటే, ఇటీసీ ఫోల్డర్‌లో ఫైర్‌వాల్.యూజర్ అనే ఫైల్ ఉంటుంది. అతను అందులో ఐపీటేబుల్స్ లైను ఒకటి రాసి ఉంటాడు. చూడండి, "టీసీపీఎంఎస్‌ఎస్", "క్లాంప్" అనే మాటలుంటాయి.

తణుకు_ఆల్బమ్స్
ఉంది, ఒకే ఒక్క లైను. మాంగిల్, ఫార్వర్డ్, చివర క్లాంప్-ఎంఎస్‌ఎస్-టు-పీఎంటీయూ. మరి ఫైల్ అలాగే ఉందిగా, సెట్టింగులు ఉంచు అన్నాంగా?

గోదారి_లైనక్స్
ఫైల్ ఉంది, దాన్ని చదివేవాళ్ళు లేరు. 22.03 నుంచి ఫైర్‌వాల్ మొత్తం మారింది. అంతకుముందు ఫైర్‌వాల్3, అది ఐపీటేబుల్స్ మీద నడిచేది. ఇప్పుడు ఫైర్‌వాల్4, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ మీద నడుస్తుంది. మామూలు సెట్టింగులన్నీ (జోన్లు, పోర్టు ఫార్వర్డ్‌లు) రెండింటికీ ఒకటే కాబట్టి అలాగే వచ్చేస్తాయి. చేత్తో రాసిన ఐపీటేబుల్స్ లైన్లు మాత్రం రావు. రౌటర్‌లో ఫైర్‌వాల్ రీస్టార్ట్ చేసి చూడండి, "ఇంక్లూడ్ ఎఫ్‌డబ్ల్యూ4కి సరిపడేదిగా గుర్తు పెట్టలేదు, వదిలేస్తున్నాం" అనే అర్థంతో ఒక హెచ్చరిక పడుతుంది. వెబ్ పేజీలో అప్‌గ్రేడ్ చేసినవాళ్ళు దాన్ని చూసే అవకాశమే లేదు.

తణుకు_ఆల్బమ్స్
ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి రీస్టార్ట్ చేశా. అచ్చం అలాంటి లైనే వచ్చింది, ఇంక్లూడ్ 0 అని, చివర ఇగ్నోరింగ్ సెక్షన్.

కేబుల్_కుర్రాడు
అయితే ఆ లైన్‌కి "సరిపడుతుంది" అని గుర్తు పెట్టేస్తే సరిపోదా?

గోదారి_లైనక్స్
వద్దు. గుర్తు పెడితే స్క్రిప్ట్ నడుస్తుంది, కానీ 22.03లో ఐపీటేబుల్స్ కమాండ్ మొదటే ఉండదు, "నాట్ ఫౌండ్" అంటుంది. దానికోసం ఇంకో ప్యాకేజీ వేసి, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ పక్కన ఐపీటేబుల్స్ నియమాలు నడిపితే రేపు ఏ నియమం ఎక్కడుందో ఎవరికీ అర్థం కాదు. పద్ధతి ఇది:

లూసీలో ఫైబర్ జోన్ ఎడిట్ చేసి ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ టిక్ పెట్టండి, సేవ్ అండ్ అప్లై. యూసీఐలో (కమాండ్లతో సెట్టింగులు మార్చే దారి) చేసేవాళ్ళు ఆ జోన్‌కి ఎంటీయూ_ఫిక్స్ విలువ 1 పెట్టాలి. ఫైర్‌వాల్.యూజర్‌లో ఆ లైను తీసేయండి. తర్వాత ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్ కొట్టి "ఎంటీయూ ఫిక్సింగ్" అనే మాట వెతకండి. ఫైబర్ పేరుతో ఇన్‌గ్రెస్ ఒకటి, ఈగ్రెస్ ఒకటి, రెండు కనబడాలి. మీ అప్‌లోడ్‌ని కాపాడేది ఇన్‌గ్రెస్, ఎందుకంటే సర్వర్ నుంచి వచ్చే జవాబులోని అంకెని దిద్దేది అదే.

తణుకు_ఆల్బమ్స్
టిక్ పెట్టా, రెండు లైన్లూ కనబడ్డాయి. పీసీలు రీస్టార్ట్ చేసి (ఎంటీయూ మళ్ళీ 1500 అయ్యాక) ఒక షీటు పంపా, పోయింది. ఇక అయిపోయినట్టేనా?

ప్యాకెట్‌పట్టు
ఇంకా కాలేదు. ఐసీఎంపీ కబురు మీ పీసీకి ఎందుకు చేరట్లేదో తేలలేదు. అది చేరి ఉంటే ఆదివారం క్లాంపింగ్ పోయినా మీరు ఏమీ గమనించేవారే కాదు. మళ్ళీ పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 కొట్టి, అదే సమయంలో వైర్‌షార్క్ నడపండి.

తణుకు_ఆల్బమ్స్
పింగ్ ఇప్పటికీ టైమ్డ్ అవుట్. కానీ వైర్‌షార్క్‌లో వింతగా ఉంది. నా ప్రతి పింగ్ కింద నల్లపట్టీ మీద ఒక లైను, రౌటర్ ఐపీ నుంచి, డెస్టినేషన్ అన్‌రీచబుల్, ఫ్రాగ్మెంటేషన్ నీడెడ్. తెరిచి చూస్తే "ఎంటీయూ ఆఫ్ నెక్స్ట్ హాప్: 1492". అంటే కబురు వస్తోందిగా?

ప్యాకెట్‌పట్టు
వస్తోంది, గుమ్మం దాకా. వైర్‌షార్క్ కార్డు దగ్గరే పట్టుకుంటుంది, ఫైర్‌వాల్ దాని పైన ఉంటుంది. వైర్‌షార్క్‌లో కనబడి విండోస్‌కి తెలియలేదంటే మధ్యలో మింగుతున్నది పీసీలోని ఫైర్‌వాలే. విండోస్ సొంత ఫైర్‌వాల్‌లో "కోర్ నెట్‌వర్కింగ్ - డెస్టినేషన్ అన్‌రీచబుల్ ఫ్రాగ్మెంటేషన్ నీడెడ్ (ఐసీఎంపీవీ4-ఇన్)" అనే నియమం మొదటి నుంచీ తెరిచే ఉంటుంది. రెండు పీసీల్లోనూ బయటి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

తణుకు_ఆల్బమ్స్
ఉంది, రెండింట్లోనూ ఒకటే. దాని ఫైర్‌వాల్ పేజీలో "ఐసీఎంపీ బ్లాక్ చేయి" అని ఉంది, ఆన్‌లో ఉంది. ఎవరు పెట్టారో తెలీదు.

రాత్రిషిఫ్ట్
పింగ్‌కి జవాబివ్వకపోతే హ్యాకర్లకి కనబడం అని ఎవరో ఒకరు పెడతారు. పింగ్ ఆపాలంటే టైప్ 8 ఒక్కటి ఆపితే చాలు. ఐసీఎంపీ మొత్తం మూసేయడం అంటే పోస్టుమ్యాన్‌నే వీధిలోకి రానివ్వకపోవడం. టైప్ 3 తెరిచి పెట్టండి.

తణుకు_ఆల్బమ్స్
అది తీసేశా. ఇప్పుడు పింగ్ 1472కి మీరు చెప్పిన వాక్యం వచ్చింది, ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్ బట్ డీఎఫ్ సెట్. 1464కి జవాబులు వస్తున్నాయి.

స్విచ్‌బోర్డు_సత్తి
అయితే తప్పు పీసీది, రౌటర్‌ది కాదన్నమాట. క్లాంపింగ్ టిక్ తీసేసినా నడవాలి.

గోదారి_లైనక్స్
నడుస్తుంది, ఈ రెండు పీసీలకి. రేపు ఇంకొకరి ల్యాప్‌టాప్ తెచ్చి తగిలిస్తే? అవతల సర్వర్ ముందున్న ఫైర్‌వాల్ ఐసీఎంపీ మింగితే? అక్కడ మన చేతిలో ఏమీ లేదు. రెండూ ఉండాలి. క్లాంపింగ్ టీసీపీని మాత్రమే కాపాడుతుంది, క్విక్‌లా తామే తడుముకోని యూడీపీవాటికి ఐసీఎంపీనే దిక్కు.

ప్యాకెట్‌పట్టు
నేనూ అదే అంటాను. ఐపీవీ6 ఉన్నచోట ఇది ఇంకా ముఖ్యం. అక్కడ దారిలోని రౌటర్లకి ముక్కలు చేసే హక్కే లేదు, "ప్యాకెట్ టూ బిగ్" కబురు (ఐసీఎంపీవీ6 టైప్ 2) ఆగితే 1280 దాటినదేదీ పోతుందని నమ్మకం లేదు. హెడర్ 40 బైట్లు కాబట్టి పీపీపీఓఈ మీద ఐపీవీ6 ఎంఎస్‌ఎస్ 1432.

తణుకు గారూ, ఆ వైర్‌షార్క్ తెరిచే ఉంటే నా అనుమానం ఒకటి తీర్చండి. టిక్ ఒక్క నిమిషం తీసి, ఎఫ్‌టీపీలో ఒక ఫైల్ దించుతూ చూడండి. సిన్ (మనం పంపే మొదటి ప్యాకెట్), సిన్-యాక్ (దానికి సర్వర్ జవాబు) లైన్లలో ఎంఎస్‌ఎస్ ఎంత, వచ్చే డేటా ముక్కల లెన్ (పొడవు) ఎంత?

తణుకు_ఆల్బమ్స్
సిన్‌లో 1460. సిన్-యాక్‌లో 1460. వచ్చే ముక్కలు లెన్ 1452. టిక్ మళ్ళీ పెట్టి చూస్తే సిన్-యాక్‌లో 1452 అయింది.

ప్యాకెట్‌పట్టు
తేలిపోయింది. మనం 1460 అని చెప్పినా సర్వర్ 1452 ముక్కలే పంపుతోందంటే, మన మాటను దారిలో ఎవరో దిద్దారు. సర్వర్ మాటను ఎవరూ దిద్దలేదు. కేబుల్_కుర్రాడు అడిగిన "డౌన్‌లోడ్ ఎలా వస్తోంది"కి జవాబు ఇదే. ఆపరేటర్‌ని తప్పుపట్టనక్కర్లేదు, మన వైపు దిద్దుకోవాల్సింది మనమే.

వైర్‌షార్క్ కొత్తగా చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక. అప్‌లోడ్ పట్టుకుంటే వెళ్ళే ప్యాకెట్లు 2920, 14600 ఇలా కనబడి కంగారుపెడతాయి. లార్జ్ సెండ్ ఆఫ్‌లోడ్ వల్ల విండోస్ పెద్ద ముద్దగా కార్డుకి ఇస్తుంది, కార్డు కోసి పంపుతుంది, వైర్‌షార్క్ కోతకి ముందే చూస్తుంది. అది తప్పు కాదు.

కేబుల్_కుర్రాడు
ఇప్పుడు అర్థమైంది. ఒకటి మాత్రం మిగిలింది: విండోస్ కబురు అందకపోయినా తనే సైజు తగ్గించుకుంటుందని విన్నాను, మరి ఎందుకు తగ్గించుకోలేదు?

గోదారి_లైనక్స్
తగ్గించుకుంటుంది, కానీ ఒకే ముక్కను చాలాసార్లు పంపి విసిగాకే. ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపవుతుంది. ఈలోపు ఫైల్‌జిల్లా 20 సెకన్ల ఓపిక అయిపోయి కనెక్షన్ తెంపేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఓపికని 120 సెకన్లు చేస్తే పాకుతూ పోయే అవకాశం ఉంది, కానీ చిన్నచిన్న ముక్కలతో. టైమౌట్ పెంచితే "సరైపోయింది" అని కొందరు చెప్పేది ఇందుకే. రోగం అలాగే ఉంటుంది.

స్కానింగ్_సెంటర్
మాదీ ఇలాంటిదే అనిపిస్తోంది. రెండు బ్రాంచీల మధ్య వైర్‌గార్డ్ వీపీఎన్, రెండు చోట్లా పీపీపీఓఈ. రౌటర్ అప్‌గ్రేడ్ అయ్యాక స్కాన్ ఫైళ్ళు హెడ్ ఆఫీస్ సర్వర్‌కి పోవడం ఆగింది. పింగ్ మామూలుగా వస్తుంది. వైర్‌గార్డ్‌లో ఎంటీయూ గడి ఖాళీగా ఉంది.

గోదారి_లైనక్స్
ఖాళీ వదిలితే సాధారణంగా 1420 తీసుకుంటుంది. అది 1500 లైన్‌కి లెక్కేసింది: ఐపీవీ6 మీద వైర్‌గార్డ్ ఖర్చు 80 బైట్లు. మీ లైను 1492 కాబట్టి 1412 పెట్టండి, రెండు కొసల్లోనూ. బయటి దారి కచ్చితంగా ఐపీవీ4 మాత్రమే అయితే ఖర్చు 60, అప్పుడు 1432 దాకా పోవచ్చు. తెలియకపోతే 1412 సురక్షితం. వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ ఉన్న జోన్‌కి కూడా క్లాంపింగ్ టిక్ పెట్టండి.

స్కానింగ్_సెంటర్
1412 రెండు వైపులా పెట్టాం, ఫైళ్ళు కదులుతున్నాయి. ఆగినవి క్యూలో ఉన్నాయి, వాటంతటవే వెళుతున్నాయి.

కొత్తగా_చేరా
నాదీ అప్‌గ్రేడ్ తర్వాతే, కానీ ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్ళు పంపడం). ఆఫీసు లైనక్స్ మెషిన్ కొత్త వెర్షన్‌కి మార్చాక, రోజూ రాత్రి బ్యాకప్ పోవట్లేదు. లాగిన్ అడగకుండానే తెగుతోంది. "నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్ ఫౌండ్. దెయిర్ ఆఫర్: ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ". ఎంటీయూ 1492 పెట్టినా అంతే.

ప్యాకెట్‌పట్టు
ఇది వేరే జబ్బు. ఇక్కడ ఎర్రర్ నోరు తెరిచి చెబుతోంది. 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి ఎస్‌హెచ్‌ఏ-1తో చేసే ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ సంతకాలను మొదటే ఒప్పుకోదు. అవతల సర్వర్ పాతది. ఇవాళ్టి బ్యాకప్ పోవాలంటే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ ఒక్క హోస్ట్ కింద మాత్రమే హోస్ట్‌కీఅల్గారిథమ్స్ +ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ అని రాయండి. ప్లస్ గుర్తు మర్చిపోతే మిగతావన్నీ పోయి అదొక్కటే మిగులుతుంది. పాస్‌వర్డ్ బదులు ఆర్‌ఎస్‌ఏ కీతో లాగిన్ అయితే పబ్‌కీఅక్సెప్టెడ్అల్గారిథమ్స్‌కీ అదే రాయాలి. అన్ని హోస్ట్‌లకీ కలిపి రాయొద్దు. తర్వాత అవతలి సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేయించి ఈ రెండు లైన్లూ తీసేయండి.

కొత్తగా_చేరా
పోయింది. సర్వర్ వాళ్ళకి మెయిల్ పెట్టాను.

వేరేఊరి_రవి
అసలు 1492 గొడవే లేకుండా 1500 పెట్టుకోవచ్చు కదా? ఆర్‌ఎఫ్‌సీ 4638 అని ఉంది. రౌటర్ వ్యాన్ పోర్టు ఎంటీయూ 1508, పీపీపీఓఈ ఎంటీయూ 1500.

గోదారి_లైనక్స్
ఆపరేటర్ పెట్టె ఒప్పుకుంటేనే. ఓఎన్‌యూ, మధ్య స్విచ్‌లు, చివరి పెట్టె అన్నీ 1508 మోయాలి. ఒక్కటి మోయకపోయినా మళ్ళీ ఇదే మౌనం, ఈసారి కబురు పెట్టేవాళ్ళు కూడా ఉండరు. ఆపరేటర్ రాతపూర్వకంగా సరే అంటే, పనిలేని రోజున ప్రయత్నించండి. ముహూర్తాల ముందు రోజు కాదు.

రాత్రిషిఫ్ట్
తణుకు గారూ, 22.03కి మద్దతు ముగిసింది, అక్కడే ఆగొద్దు. ఈ పని నెమ్మదించాక 23.05కి, అక్కడి నుంచి 24.10కి వెళ్ళండి, ఒక్కో మెట్టే. ప్రతి మెట్టుకి ముందు లూసీలో బ్యాకప్ ఫైల్ దించి పీసీలో పెట్టుకోండి. మెట్టు ఎక్కాక చేయాల్సింది రెండు నిమిషాల పని: పింగ్ 1464, పింగ్ 1472, 5 కేబీ ఫైలు, ఒక పూర్తి షీటు. స్పీడ్ టెస్ట్ డౌన్‌లోడ్ చూసి సరిపెట్టుకోవద్దు.

తణుకు_ఆల్బమ్స్
రాసి రౌటర్ మీదే అంటించా. 40 షీట్లూ చేరాయి, డైరెక్టరీ కంపారిజన్‌లో రెండింటికి రంగు పడింది. అవి మధ్యాహ్నం తెగిన పాతవి, డిలీట్ చేసి మళ్ళీ పంపా. ల్యాబ్ వాళ్ళు 40 తెరిచి చూసి ఓకే అన్నారు.

ఫొటోల్యాబ్_బెజవాడ
ఆ రెండు ఏ షీట్లు?

తణుకు_ఆల్బమ్స్
17, 18. తలంబ్రాలు.